ఆయం కట్టిన గిటారు

ఉదయం ఆరింటి వేలూరు బస్సుకు చిత్తూరు బస్టాండులో జనం తక్కువ. కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో సంచి. అందులో నా పాత గిటారు ఉంది, కానీ గిటారు రూపంలో లేదు. విప్పేసిన బిరడాలు, తీగెల కింద ఉండి ధ్వనిని పట్టే పికప్, కొత్త తీగెల పొట్లం, లేత్ షాపులో చేయించిన బొటనవేలంత లావు ఉక్కు కడ్డీ.

ఎందుకు బయల్దేరానో చెప్పాలి. బండి మీద నుంచి పడ్డప్పటి నుంచి నా ఎడమచేతి చివరి రెండు వేళ్లు కణుపుల దగ్గర వంగవు. కర్రల్లా చాపుకునే ఉంటాయి. పెళ్లి కచేరీల్లో గిటారు వాయించి బతికినవాడికి ఆ చెయ్యి ఉండీ లేనట్టే. అయితే ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగెల్ని నొక్కకుండా పైన కడ్డీ జరుపుతూ వాయించే గిటారు ఒకటుంది. ల్యాప్ స్టీల్ అంటారు. దాన్ని చేయించుకుందామని నా ఆశ. అది కూడా చేతకాకపోతే సామాన్లు అమ్మేసి బావమరిది టైల్స్ అంగట్లో కూర్చోవాలి. ఇంట్లో ఒప్పందం అది.

కాట్పాడి దాటి ఏడున్నరకల్లా వేలూరు చేరాను. ముందు ఆసుపత్రి. ఇక్కడికొచ్చేవాళ్లకు ఒక మాట: టిఫిన్ బయటే తినెయ్యండి. లోపలికి వెళ్లాక ఎప్పుడు బయటపడతామో మన చేతిలో ఉండదు. నేను పొంగల్ తిని వెళ్లాను. డాక్టరమ్మ వేళ్లను లాగి చూసి, ఇక ఇంతే, అలవాటు చేసుకోండని తమిళంలో నెమ్మదిగా చెప్పింది. తెలిసిన మాటే. అయినా వెంటనే బస్సెక్కలేక కోట కందకం పక్కన కాసేపు నిలబడ్డాను. నీళ్లు పచ్చగా ఉన్నాయి. కోట గురించి ఇంతకన్నా రాయలేను, చూసే మనసు లేదు.

గుడియాత్తం బస్సెక్కేసరికి పదకొండు దాటింది. బోర్డు చదవడం రాకపోయినా ఫర్వాలేదు, కండక్టర్ల కేకలు వింటే చాలు. పక్క సీట్లో ఒడుగత్తూరు రైతు, పెద్దాయన. ఇంటికి ఫోన్లో మాట్లాడుతుంటే నా తెలుగు విన్నాడు.

"సంచీలో ఏముండాది నాయనా, మోటరు సామాన్లా?"

"గిటారువి."

"గిటారు యాడుండాది?"

"ఇంకా చెయ్యాలి."

"చేసినంక వాయించేదెవురు?"

"చూడాలి" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట." తర్వాత పళ్లికొండ దాకా చెరుకు ధర గురించి మాట్లాడాడు.

గుడియాత్తంలో మునిరత్నం మామ ఇల్లు బస్టాండుకు నడిచేంత దూరం. మా ఆవిడకు మేనమామ. ఇళ్లకు తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. ఊళ్లో ఒక పాత ఇల్లు పడగొడితే దాని వాకిలి ద్వారబంధం తెచ్చి షెడ్డులో పెట్టాడు. అందులో ఒక నిలువు చెక్క, మంచి టేకు, నాకోసం చిత్రిక పట్టి సిద్ధం చేశాడు. కొలతలు ముందే ఫోనులో పంపాను. రాజమ్మ అత్త అన్నం, పులుసు పెట్టింది. తిన్నాక టేపు తీసి కొలిచాను.

"మామా, ఒక అంగుళం తగ్గింది."

"తగ్గలే నాయనా. తగ్గిచ్చినా."

వాకిలి కొలతకు ఆయం కట్టి చూడటం ఇక్కడి ఇళ్ల పనివాళ్ల పద్ధతి. కొలతను లెక్కగట్టి భాగించి, మిగిలిన శేషం మంచిదైతేనే రంపం పెడతారు.

"నువ్వు పంపిన అళవుకు కెట్ట ఆయం, చెడ్డది వచ్చె. వాకిలి కొయ్యిది. తెలిసి తెలిసి ఎట్ల కోసేది?"

"ఇది ఇల్లు కాదు గదా మామా."

"ఇంట్లోనే గదా పెట్టుకునేది?"

నాకు ఒళ్లు మండింది. స్వరాలు ఎక్కడెక్కడ పలుకుతాయో గీతలు గీసిన కాగితం తెచ్చాను. చెక్క మీద అంటించి, ఆ గీతల మీద కడ్డీ పెట్టి వాయించాలి. చెక్క తగ్గితే తీగె తగ్గుతుంది, తీగె తగ్గితే గీతలన్నీ తప్పు. కోసిన కొయ్య పెరగదు. చీపురందుకుని రంపప్పొట్టు ఊడ్చాను.

బిరడాలు బిగించి, పికప్‌కు గుంట తొలిచి, తీగెలు కట్టేసరికి మూడు దాటింది. మొండితనంతో ఆ కాగితమే అంటించాను. ప్రతి స్వరం అపస్వరం. దానికి తోడు కడ్డీ వెనక తీగెలు ఝుమ్మని గోల. రాజమ్మ అత్త గుమ్మంలోంచి చూసి, "ఏమప్పా, పిల్లి తోక తొక్కినట్లుండాదే" అంది. టైల్స్ అంగడి కళ్లముందు కనబడింది.

కాగితం పీకేశాను. కళ్లు మూసుకుని, చెవి ఒప్పుకున్న చోట కడ్డీ ఆపుతూ పోయాను. ఆపిన చోటల్లా మామ చెవిమీది పెన్సిల్ తీసి చెక్కపై గీత గీశాడు. స్వరాలు దారికొచ్చాయి, గోల మాత్రం పోలేదు. ఇన్నాళ్లూ ఆ రెండు వేళ్లూ అడ్డం రాకుండా పైకెత్తి పెట్టుకోవడం నాకు అలవాటు. చెయ్యి అలసి అవి కడ్డీ వెనక తీగెల మీద వాలాయి. గోల ఆగిపోయింది. ఎత్తితే ఝుమ్మంది. మళ్లీ వాల్చాను. స్వరం ఒక్కటే మిగిలింది, శుభ్రంగా.

ఆ వాద్యానికి అక్కడ వంగని వేళ్లే కావాలి. నాకు ఏడుపొచ్చింది. మామ చూడనట్టు ఉలులు సర్దుకున్నాడు. అత్త కర్పూరం వెలిగించి, చెక్క చివర కుంకుమ బొట్టు పెట్టింది.

"కొత్త వాకిలికి పెడతాము గదా" అంది.

గుడియాత్తం నుంచి పరదరామి మీదుగా చిత్తూరుకు నేరుగా బస్సుంది, మళ్లీ వేలూరు తిరగక్కర్లేదు. అయిదున్నర బస్సెక్కాను. ఈ దారిన చెక్క పనికి వచ్చేవాళ్లు కొలతలకు ముందే ఆయం చూపించుకుని పంపండి, గొడవుండదు. నా మటుకు నాకు ఆ పోయిన అంగుళం మీద కోపం పరదరామి రాకముందే పోయింది.

దుప్పటి చుట్టిన చెక్క చూసి కండక్టరు ఆగాడు.

"వాకిలి కొయ్యా?"

"వాకిలిదే. గిటారు చేయించినా."

"అట్లనా. ఎవురు వాయిస్తారు?"

"నేనే" అన్నాను.