నేను తర్జుమా చేయని మాట

1986, మిరప కోతల కాలం. అప్పుడు నేను సత్తెనపల్లిలో హైస్కూలు ఇంగ్లీషు మాస్టర్ని. సెలవు రోజుల్లో ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్లేవాణ్ణి. బయటిదేశాల నుంచి వచ్చిన డాక్టర్లు, వ్యవసాయ నిపుణులు, సువార్త కూటాల్లో మాట్లాడే పాస్టర్లు, ఎవరైనా సరే. మాది పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. అయినా చర్చివాళ్లు నన్నే పిలిచేవాళ్లు. మాట మింగడు, సొంతమాట కలపడు అని నాకు పేరు.

మా పనిలో కాన్సెక్యుటివ్ అనే పద్ధతి ఉంది. వక్త రెండు వాక్యాలు చెప్పి ఆగుతాడు, ఆ రెండూ మనం తెలుగులో చెప్పాలి. వినడానికి తేలికే.

ఆ ఆదివారం ఓ పల్లెకు ఘానా నుంచి క్వాసి గారనే పాస్టరు వచ్చారు. వాళ్ల ఊళ్లో ఏ శుభకార్యమైనా ముందు చనిపోయినవాళ్లను పేరుపేరునా పిలిచి నేలమీద నీళ్లు పోస్తారట. అలాంటి ఇంట్లో పుట్టి తాను క్రీస్తును ఎలా నమ్మాడో చెబుతున్నారు. ఆయన ‘యాన్సెస్టర్స్’ అంటే నేను ‘పెద్దలు’ అన్నాను. “పెద్దలు దేవుళ్లు కారు” అనగానే ముందు వరసలోని చర్చి సంఘ పెద్దలు తమనే అన్నాననుకుని నావైపు గుర్రుగా చూశారు. ‘చనిపోయిన పెద్దలు’ అని సర్దుకున్నాను.

కూటం అయ్యాక మార్తమ్మ అనే ఆవిడ వచ్చింది. భర్త పోయి ఏడాది కావస్తోంది. ఆమె బాప్తిస్మం తీసుకుంది, అత్త తీసుకోలేదు. సంవత్సరీకం నాడు కొడుకు పేరున ఇంత అన్నం పెట్టాలని అత్త పట్టు. ఆ ఇంట్లో అది జరిగితే సంఘంలోంచి తీసేస్తామని సంఘ పెద్ద యోహాను గారి మాట. ముసలావిడ రెండు రోజులుగా ముద్ద ముట్టలేదట. ఏం చేయమంటారో అయ్యగారిని అడగమంది.

క్వాసి గారు మెల్లగా తన సంగతి చెప్పారు. తండ్రి పోయినప్పుడు తల్లి నీళ్లు పోస్తానంటే ఆయన వద్దన్నారట. ఆవిడ మానేసింది. అంతవరకు తెలుగులో చెప్పాను. ఆ తర్వాత ఆయన ఇంకో వాక్యం అన్నారు. నేను నోరు తెరిచేలోగా పక్కనే ఉన్న యోహాను గారు, “చాలు మాస్టారూ, అక్కడితో ఆపండి” అన్నారు. ఆయనకు కొద్దిగా ఇంగ్లీషు వచ్చు.

ఆపేశాను. ఆయనకు భయపడ్డానో, ఆ మాట చెబితే హిందువును గనక నేనే కలిపానంటారని జంకానో ఇప్పటికీ తేల్చుకోలేను. మార్తమ్మ తలూపి వెళ్లిపోయింది.

జీపెక్కాక క్వాసి గారు అడిగారు, చివరి మాట విని ఆవిడేమందని. నేను చెప్పలేదన్నాను. ఆయనకు కోపం రాలేదు. “అయితే ఇవాళ ప్రసంగం చేసింది నేను కాదు, మీరు” అన్నారు. జీపు వెనక్కి తిప్పించారు.

మార్తమ్మ ఇంటి ముందు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అత్త అరుగుమీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఇద్దరి ముందూ ఆ మాట చెప్పాను. “ఆ రోజు నుంచి మా అమ్మ నాతో కలిసి భోంచేయలేదు. నేను చేసింది ఒప్పో తప్పో నాకు తెలియదు.”

ముసలావిడ తలెత్తి, “ఆ తల్లి ఉందా ఇంకా?” అంది. అడిగి, ఉందట అని చెప్పాను.

“మరి ఇక్కడేం చేస్తున్నాడయ్యా? ఇంటికి పొమ్మను.”

ఆ మాట ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. క్వాసి గారు తలదించుకున్నారు. కాసేపటికి మార్తమ్మ, “నేను వండుతాను అత్తా, నువ్వు పెట్టుకో. నేను మొక్కను, పక్కన కూర్చుంటాను” అంది. పొయ్యి రాజేయడానికి లోపలికి వెళ్లింది.

అన్నట్టే యోహాను గారు ఆమెను సంఘంలోంచి తీసేశారు, ఏడాదికి మళ్లీ చేర్చుకున్నారు. నన్ను మాత్రం ఆ ఊరికి మళ్లీ పిలవలేదు. చెప్పకుండా ఊరుకుంటే ఆమెకు ఆ ఏడాది వెలి తప్పేదా, ముసలావిడ ఏమయ్యేది, ఎన్నిసార్లు ఆలోచించినా తెగలేదు. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. పెద్ద మనిషి నోట ‘నాకు తెలియదు’ అన్న మాట వచ్చినప్పుడు దాన్ని మింగే హక్కు తర్జుమా చేసేవాడికి లేదు. వినేవాళ్లలో ఎవరో ఒకరు దానికోసమే వచ్చి ఉంటారు.