కుర్చీకి కట్టిన అరవై

జిన్నారం పోయే దారిలో ఒక విత్తనాల కంపెనీ ఉంది. యజమానులు డచ్చివాళ్ళు. నేల మనది, నీళ్ళు మనవి, చెమట మన ఆడవాళ్ళది. ఆ కంపెనీ వలపందిళ్ళలో మిరప మొగ్గలకు పుప్పొడి అద్దే ఆడవాళ్ళు పద్నాలుగు మంది, అందరిలోకీ చెయ్యి తిరిగిన మనిషి ముత్యమ్మ. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళే పట్టకారులాంటి చిన్న చిమటాతో తెరిచి, లోపలి కేసరాలను తీసేసి, తెల్లవారాక వేరే మొక్క పుప్పొడి అద్ది, కాడకు ఎర్రదారం కట్టాలి. చెయ్యి కాస్త బరువైతే మొగ్గ రాలిపోతుంది. పదిహేడేళ్ళలో ముత్యమ్మ చేతిలో రాలినవి బహు తక్కువ. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ఈ పనంటే ఆమెకు ఇష్టం. ఇష్టం లేకపోయినా చెయ్యక తప్పదు, ఎందుకంటే మొగుడు యాదన్న మందుల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి ఘాటు ఆవిర్లు పీల్చి, ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసంతో ఇంటి గడపలో కూర్చుండిపోతున్నాడు. ఇల్లు నడిచేది ఆమె వేళ్ళ మీదే.

ఇక వయసు సంగతి చెప్పాలి. పదిహేనేళ్ళ కిందట ఊళ్ళో ఆధార్ కార్డులు తీసినప్పుడు వార్డు మెంబరు వెంకటేశం మిషను పక్కనే నిలబడి ఊరందరి వయసులూ తానే చెప్పించాడు.

"జెర ఎక్కువేసి చెప్పుర్రి. ముసలోళ్ళ పింఛను జల్దీ వస్తది," అన్నాడు.

మిషను ముందున్నాయనకు సంవత్సరంతో పాటు తేదీ కూడా కావాలి. తేదీ ఎవరికి తెలుసు? వచ్చినవాళ్ళకల్లా జనవరి ఒకటి కొట్టేశాడు. ముత్యమ్మకు 1966 పడింది. ఆమెను చూసినవాళ్ళెవరైనా యాభై దాటి ఒకటో రెండో అంటారు, అంతకు మించి అనరు. తీరా చూస్తే పింఛను ఇంటికి ఒక్కరికే అన్నారు. అది యాదన్నకు వచ్చింది, ఆయన వయసు కూడా వెంకటేశం పెంచిందే. ముత్యమ్మకు దక్కింది కార్డు మీద ముసలితనం ఒక్కటే.

కంపెనీలో ఒక నిబంధన ఉంది. అరవై నిండినవాళ్ళకు బీమా వర్తించదు కాబట్టి వాళ్ళు పందిళ్ళలో పనిచెయ్యకూడదు. సూపర్‌వైజర్ నర్సింగ్‌కు ఇది తెలుసు, కార్డు లెక్కన రాబోయే జనవరికి ముత్యమ్మకు అరవై నిండుతాయని కూడా తెలుసు. ఆమె కాగితాన్ని ఫైలులో అట్టడుగున పెట్టి, "నువ్వు ఊకె పని చేస్కో అక్కా, నేనున్న గదా," అన్నాడు. అందుకు ఆమె దగ్గర చాయ్ కూడా తాగలేదు. మన దగ్గర చాలా బతుకులు ఇలా అట్టడుగున దాచిన కాగితాల పుణ్యమా అని నడుస్తున్నాయి. అందులో తప్పేముందో ఎవరైనా నాకు చెబితే వింటాను.

మొన్నటి వానాకాలంలో పొలం చూసుకోవడానికి నెదర్లాండ్స్ నుంచి మరైకె మేడమ్ వచ్చింది. ఆరడుగుల మనిషి. అమీన్‌పూర్‌లో చెరువు వైపు ఫ్లాటు కిరాయికి తీసుకుని కిటికీలకు పరదాలు కట్టలేదు. ఎదుటి ఫ్లాట్లవాళ్ళు మొహాలు తిప్పుకుని పోతుంటే ఆమెకు అర్థం కాలేదు. వాళ్ళ దేశంలో పరదా లాగి పెట్టుకుంటే లోపల ఏదో దాస్తున్నారనుకుంటారట. మధ్యాహ్నం అందరూ అన్నం డబ్బాలు విప్పితే ఈమె రొట్టెకు వెన్న రాసి, పైన చాక్లెట్ పలుకులు చల్లుకుని తినేది. పెద్ద ఆఫీసర్లు కూడా అక్కడ ఇదే తింటారని విని ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఏది తోస్తే అది మొహం మీద అనెయ్యడం ఆమె అలవాటు. టీ బాగాలేకపోతే బాగాలేదనేది. అది కోపం కాదని, వాళ్ళవైపు అదే మర్యాదని తెలియడానికి ఆడవాళ్ళకు నెల పట్టింది. అదే నోటితో ఒకరోజు ముత్యమ్మ సాలు దగ్గర ఆగి, "ఇంత శుభ్రమైన చెయ్యి మా దేశంలో కూడా నేను చూడలేదు," అంది. పదిహేడేళ్ళలో ఎవరూ అనని మాట. ఆ మాట నిజమే అయి ఉంటుందని, ఎందుకంటే ఈ మనిషికి అబద్ధం చేతకాదని ముత్యమ్మకు తెలుసు. ఆ రోజు నుంచి మేడమ్ అంటే ఆమెకు ప్రాణం.

టీ వేళ మేడమ్ వాళ్ళ దేశం కబుర్లు చెబుతుంటే, పందిళ్ళ రికార్డులు రాసే హరిచందన తెలుగు చేసేది. ఒకప్పుడు అక్కడ ఒక పూల గడ్డ ఇల్లంత ధర పలికిందట. "అమీన్‌పూర్ ప్లాట్ల లెక్కనే," అంది ఒకామె. వాళ్ళ నేలలో చాలా భాగం సముద్రం కంటే పల్లంలో ఉందట. నీళ్ళు రాకుండా కట్టలు కట్టుకుని, ఎవరి భూమి ముందున్న కట్టను వాళ్ళే కాపాడుకోవాలని పూర్వం కట్టుబాటు ఉండేదట. కాపాడుకునే శక్తి లేని రైతు తన పారను కట్ట మీద గుచ్చి వెళ్ళిపోయేవాడట. ఆ పారను ఎవరు పీకితే భూమి వాళ్ళది, కట్ట బాధ్యతా వాళ్ళదే.

"పార గుచ్చినోడు యాడికి పోయెటోడు?" అని అడిగింది ముత్యమ్మ.

మేడమ్ తనకు తెలియదని చెప్పింది. ఆ సంగతి తాను ఎప్పుడూ చదవలేదట.

డిసెంబరులో నర్సింగ్ మాల వేసుకుని శబరిమల పోయాడు. సరిగ్గా ఆ వారమే మేడమ్‌కు పుట్టినరోజుల క్యాలెండర్ గుర్తొచ్చింది. డచ్చివాళ్ళ ఇళ్ళలో ఇదొక ఆచారం. వారాల పేర్లు లేకుండా ఏ ఏడాదికైనా పనికొచ్చే క్యాలెండర్ మీద అయినవాళ్ళందరి పుట్టినరోజులూ రాసి, దాన్ని మరుగుదొడ్లో వేలాడదీస్తారు. అందరూ రోజూ పోక తప్పని చోటు, కూర్చున్నంతసేపూ చూడక తప్పని గోడ. ఆలోచిస్తే తెలివైన పనే గానీ, మన ఆడవాళ్ళ ముందు ఆ మాట అనడానికి నాకు ధైర్యం చాలదు.

మేడమ్ అడిగితే హరిచందన నర్సింగ్ బల్ల సొరుగులోంచి ఫైలు తీసి, పై నుంచి అట్టడుగు దాకా అందరి తేదీలూ రాసిచ్చింది. మేడమ్ ప్రతి పేరు పక్కనా పుట్టిన సంవత్సరం కూడా రాసుకుంటూ పోయి మధ్యలో ఆగిపోయింది. పద్నాలుగు మందిలో పదకొండు మంది జనవరి ఒకటినే పుట్టారు. ఇదెలా సాధ్యమని అడిగింది. ఒక ఊరు ఊరంతటికీ పుట్టినరోజు తెలియదని పరాయి దేశపు మనిషికి చెప్పడానికి హరిచందనకు సిగ్గేసింది.

"అట్లా కలిసొచ్చింది మేడమ్," అని ఊరుకుంది. దేశం పరువు కాపాడాననుకుంది, పాపం.

ఆఫీసు బాత్‌రూమ్‌లో క్యాలెండర్ వెలిసింది. తమ పేర్లు తీసుకుపోయి లెట్రిన్‌లో పెట్టారని ఆడవాళ్ళు రెండు రోజులు మూతులు ముడుచుకున్నారు. ముత్యమ్మకూ మనసు చివుక్కుమంది. తర్వాత హరిచందన ఆచారం సంగతి విడమరిచి చెప్పి, ఆమె పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. తన పేరును ఎవరో వంకర తిరిగిన అక్షరాలతో అంత శ్రద్ధగా రాసుకోవడం ముత్యమ్మకు కొత్త. ఆమె పుట్టిన రోజును ఇంతవరకూ ఎవరూ పండుగ చెయ్యలేదు. కొంచెం సంతోషపడింది, ఆ మాట దాచడమెందుకు?

నర్సింగ్ తిరిగొచ్చేసరికి జనవరి ఒకటి రానే వచ్చింది. పొద్దున బస్సు దిగి నేరుగా పనిలోకి వచ్చాడు, బాత్‌రూమ్ గోడ చూసే తీరిక కూడా దొరకలేదు. పదకొండింటికి మేడమ్ అందరినీ ప్యాకింగ్ షెడ్డుకు రమ్మంది. అక్కడ కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. వాళ్ళ దేశంలో పుట్టినరోజంటే ఇలాగే గుండ్రంగా కూర్చుంటారట, పుట్టినవాళ్ళే అందరికీ కేకు తెచ్చి పెట్టాలట. మన పుట్టినరోజుకు మనమే తేవడమేమిటని నవ్వుకుంటూనే ఆడవాళ్ళు గరిజెలు, అప్పాలు డబ్బాల్లో పెట్టుకొచ్చారు. ముత్యమ్మ రొట్టె, బెల్లం నలిపి మలీద ముద్దలు చేసుకొచ్చింది. కొత్త సంవత్సరం డైరీలు పంచడానికి హైదరాబాద్ ఆఫీసు నుంచి నవీన్‌కుమార్ వచ్చి ఉన్నాడు. ఉద్యోగుల రికార్డులు చూసేది ఆయనే. మేడమ్ ఆయనకూ ఒక కుర్చీ చూపించింది.

ఒక్క కుర్చీకి మాత్రం బంతిపూల దండలు చుట్టి, వెనక అట్టతో కోసిన పెద్ద అంకెలు రెండు కట్టి ఉన్నాయి. ఆరు, పక్కన సున్న. మేడమ్ ముత్యమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి అందులో కూర్చోబెట్టింది. ఆ పదకొండు మందిలో వయసు సరిగ్గా పదులకు చేరింది ఆమె ఒక్కతే. ముత్యమ్మ వెనక్కి తిరిగి ఆ అంకెలు చదివింది. లేవబోయింది, అందరూ తన వైపే చూస్తుంటే మళ్ళీ కూర్చుంది. ఇక మేడమ్ అందరి దగ్గరికీ పోయి చేతులు కలిపి శుభాకాంక్షలు చెప్పడం మొదలుపెట్టింది. పుట్టినరోజు ఒకరిదైనా చుట్టూ ఉన్నవాళ్ళందరికీ చెప్పాలట, అలాంటి మనిషి తమ మధ్య ఉన్నందుకు. నర్సింగ్ చెయ్యి పట్టుకుని కూడా ఊపింది. అతని చూపు ఆ అంకెల మీదే ఉంది.

"అరవయ్యా?" అన్నాడు నవీన్‌కుమార్, మలీద ముద్ద చేతిలో పట్టుకుని. "ఈమె పందిట్లో పని చేస్తున్నదా ఇంకా?"

మధ్యాహ్నం ఆఫీసు గదిలో నలుగురి ముందూ ముత్యమ్మ నిలబడింది. బల్ల మీద ఆమె ఆధార్ జిరాక్సు ఉంది. నవీన్‌కుమార్ చెడ్డవాడు కాదు. "నేను చూడకపోయుంటే వేరే సంగతమ్మా. చూసినంక ఊకుంటే నా మెడకు చుట్టుకుంటది," అన్నాడు. ఇవాళ్టితో అరవై నిండుతాయన్న సంగతి ముందే ఎవరి కంటా పడలేదా అని కూడా అడిగాడు.

మేడమ్ చాలా పరేషాన్‌లో ఉంది. తన దేశంలో అరవై ఏడు దాకా పని చేస్తారని, ఇది పిచ్చి నిబంధన అని నవీన్‌కుమార్ మొహం మీదే అంది. తర్వాత ముత్యమ్మ వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఈ తేదీ నిజమేనా అని అడుగుతున్నరు పెద్దమ్మా," అంది హరిచందన. "తప్పైతే తప్పని చెప్పుమంటున్నరు. పైవాళ్ళకు రాస్తరంట, నీకోసం కొట్లాడుతరంట. కానీ నిజమే చెప్పాల్నంట."

ముత్యమ్మ నాలుక చివర దాకా వచ్చింది మాట. తప్పని చెబితే మేడమ్ నమ్ముతుంది, అందులో అనుమానం లేదు. కానీ తప్పెవరు రాయించారంటారు. వెంకటేశం దాకా పోతారు, అదే రోజు అదే మిషను మీద దిగిన యాదన్న కార్డు బయటికి వస్తుంది. ఈ సంగతి తెలిసి ఎవరు దాచారంటారు. నర్సింగ్ గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు, మాల తీసిన మెడ ఇంకా బోసిగా ఉంది. ఇద్దరు చిన్నపిల్లలున్నవాడు. ఆమె ఏ వైపు అడుగు వేసినా ఎవరో ఒకరి మీద పడేటట్టుంది. మిగిలిన ముగ్గురూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"నిజమే," అంది ముత్యమ్మ. "అరవై నిండినయి."

నర్సింగ్ తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ దించుకున్నాడు. మేడమ్ నమ్మింది. తాను ఎన్నడూ అబద్ధం ఆడనిది, ఎదుటివాళ్ళ మాటను ఎందుకు నమ్మదు? ముత్యమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. తనకు చాలా బాధగా ఉందని, నిజం చెప్పినందుకు గౌరవం ఇంకా పెరిగిందని, అరవై ఏళ్ళకు ఇంత గట్టిగా ఉన్న మనిషిని తాను చూడలేదని చెప్పింది. హరిచందన అదంతా తెలుగు చెయ్యబోయి, సగంలో ఆపి, దుపట్టాతో కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చి ముత్యమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. యాదన్న గోడకు చేరబడి, ఊపిరి కూడదీసుకుంటూ విన్నాడు. ఆయనకు కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. తన పింఛను ఆమె పని ముందు ఏపాటిదని సిగ్గు.

"నిజం చెప్పెయ్యరాదె," అన్నాడు చివరికి. "పింఛను పోతె పాయె. నర్సింగు కాళ్ళు పట్టుకోని బతిమాలుకుందం."

"ఏం నిజం జెప్పాలె?" అంది ముత్యమ్మ. పొయ్యి ముందు కూర్చుంది గానీ వెలిగించలేదు. "అరవై గాదంటె, మరి ఎంత అని అడుగుతది. ఆమె గట్లనే అడుగుతది. పటాన్‌చెరు కాడ పంటల క్యాంపసుకు భూములు కొల్చిన ఏడు నువ్వు కడుపుల ఉన్నవని మా అమ్మ ఒకపారి అనేది, చంకల ఉన్నవని ఇంకోపారి అనేది. ఇగ అడుగుదామంటె ఒక్కరు లేరు. అరవై గాదని ఎరుక నాకు. ఎంతనో ఎరుక లేదు. నువ్వన్న జెప్పు, ఎంతని జెప్పాలె?"

యాదన్న చెప్పడానికి నోరు తెరిచాడు. పెళ్ళినాడు, పిల్ల నీకంటే చిన్నదని పెద్దవాళ్ళు అంటే సరే అన్నాడు. ఎన్నేళ్ళు చిన్నదో ఆయన ఎవరినీ అడగలేదు.