దేశానికి సీటు పట్టిన లోసా

మాది ఉప్పాడ. బీచ్ రోడ్డును సముద్రం ఎన్నిసార్లు కోసుకుపోయిందో, మళ్లీ ఎన్నిసార్లు రాళ్లు పోశారో మా ఊళ్లో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశారు. అందుకే పసిఫిక్ దీవుల నుంచి శిక్షణకు వచ్చిన అధికారులను ఒక రోజు ఊరు తిప్పేవాళ్లు కావాలని మా ఆఫీసులో అడిగినప్పుడు, మేనేజరు సెలవిస్తాడో లేదో కూడా చూసుకోకుండా చెయ్యెత్తేశాను. చాలా ఏళ్లుగా సింగపూర్‌లో, బెడోక్ పేటలో ఉంటున్నాను. చుట్టాలొస్తే అదే తిప్పుడు: సింహం బొమ్మ దగ్గర ఫొటో, షాపింగు, సాయంత్రానికి కాళ్లనొప్పులు. విసుగొచ్చేసింది. ఈసారి మాత్రం ఒక చిన్న దీవి సముద్రాన్ని ఎలా ఆపుతోందో చూపించే దారి వేసుకున్నాను. మీరూ ఒక్క పూటలో ఇలా తిరిగి రావచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు.

నా వంతుకు వచ్చిన అతిథి పేరు లోసా. వాళ్ల దేశపు ఆర్థికశాఖలో పెద్ద ఉద్యోగి. నిలువెత్తు మనిషి, నవ్విందంటే రైలు పెట్టె మొత్తం తిరిగి చూస్తుంది. ఆవిడ వచ్చిన పని తాలూకు కాగితాల మీద సంతకాలు ఇంకా కాలేదు కాబట్టి దేశం పేరు రాయడం లేదు. మా బెడోక్‌లో కొన్ని బ్లాకుల జనాన్ని కలిపితే వాళ్ల దేశం జనాభా అవుతుంది. సముద్రం మాత్రం వాళ్లకు బోలెడంత ఉంది. అందులో ట్యూనా చేపలు పట్టుకునే పై దేశాల ఓడల దగ్గర వసూలు చేసే లైసెన్సు రుసుములే వాళ్ల ఖజానా.

ఉదయం ఏడున్నరకు బెడోక్ స్టేషన్‌లో కలుసుకున్నాం. ఔట్రమ్ పార్క్‌లో ఒకసారి రైలు మారి గార్డెన్స్ బై ది బే స్టేషన్‌లో దిగాం. మనిషికి రెండు డాలర్లు, అటూ ఇటూగా. దారిలోనే లోసా తన గుబులు బయటపెట్టింది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఈ మధ్యాహ్నం మూడింటికి పాయా లేబర్‌లో నా మీటింగు. మా రాజధాని దీవి పక్కన ఎత్తైన కొత్త నేల కట్టుకోవాలి. బడి, ఆసుపత్రి, ఇళ్లు అన్నీ దాని మీదికి మారాలి. దానికి దీర్ఘకాలపు రుణం కావాలి. బ్యాంకుల వాళ్లు ఒక్కటే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. నేల మునిగితే ఆ సముద్రం మీదెలా అవుతుంది, చేపల ఆదాయం ఎవరిదవుతుంది అంటారు. న్యాయం మా వైపే ఉంది, చట్టం చదివి వినిపించాను కూడా. తలలు ఊపుతారు, డబ్బు మాత్రం రాదు. ఈ రోజు కూడా కాదంటే నేను ఖాళీ చేతులతో మా దీవిలో దిగాలి, అక్కా."

అక్కా అనడం ఎక్కడ నేర్చుకుందా అని ఆశ్చర్యపోయాను. ముందు రోజు ఎవరో తెలుగు పిల్ల నేర్పిందట. ఆ మాటతో నేను సగం వాళ్ల దేశస్థురాలిని అయిపోయాను.

స్టేషన్ నుంచి పావుగంట నడిస్తే మెరీనా బ్యారేజ్. లోపలికి వెళ్లడానికి టికెట్టేమీ లేదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఊరికి మంచినీళ్లిచ్చే జలాశయం, మధ్యలో గేట్లు. పోటు వచ్చినప్పుడు సముద్రం లోపలికి రాదు, వాన ఎక్కువైతే పంపులు నీళ్లను బయటికి తోసేస్తాయి. పైన పచ్చగడ్డి పరిచిన కప్పు మీద అంత పొద్దున్నే ఒకాయన గాలిపటం ఎగరేస్తున్నాడు. ఎదురుగా ఉన్న భవనాల్లో చాలావాటి కింద ఒకప్పుడు నీళ్లే ఉండేవని చెప్పాను. లోసా రెయిలింగ్ పట్టుకుని సముద్రం వైపు తిరిగింది.

"చూశావా? వీళ్లు కట్టుకుంటే ముందుచూపు అంటారు. మేం కట్టుకుంటామంటే, ఎందుకమ్మా, ఖాళీ చేసి వెళ్లిపోవచ్చుగా అంటారు" అంది. నాకు ఒళ్లు మండింది. ఉప్పాడ వాళ్లకీ ఇదే సలహా ఇచ్చే మహానుభావులున్నారు మరి.

అక్కడి నుంచి తోటల గుండా నడిచి బేఫ్రంట్ స్టేషన్ చేరితే, రైలు మారే పని లేకుండా లిటిల్ ఇండియాకు వెళ్లిపోవచ్చు. పదకొండున్నర దాటింది. టెక్కా సెంటర్ అప్పటికే కిటకిటలాడుతోంది. కింద చేపలు, కూరల బజారు, పక్కనే వరసగా హాకర్ స్టాళ్లు, అంటే చవక తిండి కొట్లు. నేను మటన్ బిర్యానీ వరసలో నిలబడ్డాను, ప్లేటు ఎనిమిది డాలర్లు. లోసాను చోటు చూడమని పంపాను. అక్కడే కొంప ముంచింది.

ప్లేట్లు పట్టుకుని వచ్చేసరికి లోసా ఒక టేబుల్ దగ్గర దర్జాగా కూర్చుని, దాని మీదున్న టిష్యూ పొట్లం విప్పి చెమట తుడుచుకుంటోంది. ఎదురుగా తెల్లజుట్టు పెద్దాయన ఒకరు, చేతిలో టీ గ్లాసు, కళ్లలో నిప్పులు. చొక్కా జేబులో తెలుగు పంచాంగం కనబడేసరికి నా ప్రాణం లేచొచ్చింది.

"అంకుల్, క్షమించండి. ఈవిడకి తెలియదు" అన్నాను.

"తెలుగమ్మాయివా! చూడమ్మా, నేను చోప్ చేసి పోయాను లా. టీ కోసం అట్లా పోయి ఇట్లా వచ్చేలోపల నా టిష్యూ కూడా వాడేసింది!"

సింగపూర్‌లో ఇది పెద్ద తప్పే. హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ పొట్లం ఉందంటే ఆ చోటు ఎవరిదో అయిపోయినట్టే. దాన్నే చోప్ అంటారు. మాట చివర లా తగిలించడం కూడా ఇక్కడి అలవాటే. ఎంత రద్దీ ఉన్నా ఎవరూ ముట్టుకోరు. లోసా నోరెళ్లబెట్టింది. వాళ్ల దీవిలో బల్ల మీద పెట్టిందేదైనా వచ్చినవాళ్ల కోసమేనట. మా ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటు పట్టుకోవడం గురించి కూడా చెప్పాను. పడీపడీ నవ్వి, పెద్దాయన వైపు తిరిగింది.

"కానీ సార్, మీరు ఇక్కడ లేరు కదా. చోటు మీదెలా అవుతుంది?"

ఆయన టీ గ్లాసు టేబుల్ మీద పెట్టి, ఇంగ్లీషులో విసురుగా అన్నాడు. "వెళ్లానంటే వదిలేశానని కాదమ్మా. మళ్లీ వస్తాను లా. ఈ సంగతి ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు."

లోసా నవ్వు ఆగిపోయింది. "ఇంకోసారి చెప్పండి" అంది. పెద్దాయన అయోమయంగా ఇంకోసారి చెప్పాడు. తర్వాత ముగ్గురం ఆ టేబుల్ దగ్గరే సర్దుకుని తిన్నాం. లోసా మటుకు బిర్యానీ కెలుకుతూ ఎటో చూస్తోంది. బయలుదేరే ముందు పక్క కొట్టులో కొత్త టిష్యూ పొట్లాలు రెండు కొంది. ఒకటి అంకుల్‌కి ఇచ్చి రెండోది బ్యాగులో వేసుకుంది.

రెండింటికి టాక్సీ ఎక్కాం. పాయా లేబర్‌కి ఇరవై నిమిషాలు, పదిహేను డాలర్లు. రైల్లో వెళ్లొచ్చుగానీ మారాలి, ఆ ఎండలో లోసా చెమటతో బ్యాంకుల వాళ్ల ముందుకు వెళ్లడం నాకిష్టం లేదు. సమావేశం చూడవచ్చే వాళ్ల కోసం వెనక రెండు వరసలు ఉంచారు. నేను అక్కడ కూర్చుని గోళ్లు కొరుక్కున్నాను.

అనుకున్నదే అయింది. బ్యాంకుల తరఫున ఒక పెద్దమనిషి, చాలా మర్యాదగా, కత్తిలాంటి ప్రశ్న వేశాడు. "మీ యువతలో చాలామంది ఉద్యోగాలకు పై దేశాలకు వెళ్తున్నారు. సముద్రం పెరుగుతోంది. రేపు నేలా లేక, మనుషులూ లేకపోతే, ఆ సముద్రం మీద హక్కు ఎవరికి మిగులుతుంది?"

లోసా లేచింది. టిష్యూ పొట్లం తీసి తన ముందున్న టేబుల్ మీద పెట్టింది. కుర్చీ వెనక్కి జరిపి, గది చివర తలుపు దాకా నడిచి, అక్కడి నుంచి ఇటు తిరిగింది.

"నా కుర్చీ ఖాళీగా ఉంది. సింగపూర్ వాళ్లెవరైనా వచ్చి కూర్చోండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. ముందు వరసలో ఒకావిడ చేతులు అడ్డంగా ఊపుతూ "అమ్మో, చోప్ చేశారు, నేను కూర్చోను" అంది. ప్రశ్న వేసిన పెద్దమనిషి కూడా ఆపుకోలేక నవ్వేశాడు.

"వెళ్లామంటే వదిలేశామని కాదు" అంది లోసా, అక్కడే నిలబడి. "మా సరిహద్దులు గీసి ప్రపంచానికి ఇచ్చాం. సముద్రం పెరిగినా ఆ గీతలు జరగవని చిన్న దీవుల దేశాలన్నీ కలిసి ప్రకటించాయి. వాతావరణం మీద దేశాలకున్న బాధ్యతలేమిటో చెప్పమని అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది మావాళ్లే. మా పిల్లలు పనికి వెళ్తారు, తిరిగొస్తారు, ఓటు వేస్తారు. తుఫాను వచ్చిన ఏడాది రుణ కిస్తీలు ఆపే షరతును ముందుకు తెచ్చింది కూడా ఒక చిన్న దీవి దేశమే. ఇవన్నీ ప్రపంచానికి మేం నేర్పినవి. మీకు మా హామీ ఇదే. ఇప్పుడు చెప్పండి, కట్టుకుందామా?"

నా పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని పిండేశాను. బ్యాంకుల వాళ్లు పక్క గదిలోకి వెళ్లారు. టీ చల్లారింది, ఎవరూ తాగలేదు. తిరిగొచ్చాక ఆ పెద్దమనిషి మైకు దగ్గరకు వంగి, రుణానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంటున్నామనీ, తుఫాను షరతు కూడా ఒప్పందంలో రాస్తామనీ చెప్పాడు. లోసా అప్పటిదాకా నిలబడే ఉంది. అప్పుడొచ్చి తన కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో మొహం కప్పుకుని హాయిగా ఏడ్చింది.

లిఫ్టు దగ్గర నిలబడి వాళ్ల మంత్రిగారికి ఫోన్ చేసింది. అక్కడ అప్పటికే చీకటి పడింది. ఆయన ఫోన్ పెట్టకుండానే వార్తను రేడియోలో చెప్పించాడట. ఫోన్ స్పీకర్లోంచి ముందు ఒక కేక, తర్వాత చప్పట్లు, ఆ తర్వాత పదుల గొంతులు కలిసి పాడుతున్న పాట వినిపించాయి. లోసా కూడా అందుకుంది. పాయా లేబర్‌లో ఆఫీసు వదిలే వేళ, మెడలో కార్డులు వేలాడేసుకుని ఇంటికి పరుగెత్తే జనం ఆగి మరీ విన్నారు. భాష ఎవరికీ రాదు. అయినా ఎవరూ లిఫ్టు బటన్ నొక్కలేదు.

చిన్న దేశాలంటే సాయం కోసం చెయ్యి చాపేవాళ్లని నేనూ ఎక్కడో నమ్మేదాన్ని. ఆ రోజు నా కళ్లముందు ఒక చిన్న దేశం పెద్ద బ్యాంకులకు పాఠం చెప్పి, ఒప్పించి, పాట పాడింది. ఇన్నాళ్లూ ఉప్పాడ గురించి ఎవరడిగినా, పాపం మా ఊరు అని మొదలుపెట్టేదాన్ని. ఇకమీదట, మా ఊరికి ఏం కట్టాలంటే అని మొదలుపెడతాను. ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: బ్యారేజ్‌కు తొమ్మిదిలోపే చేరుకోండి, తర్వాత కప్పు మీద ఎండకు నిలబడలేరు. అక్కడ రెయిలింగ్ పట్టుకుని సముద్రం వైపే చూస్తున్న దూరదేశపు మనిషి ఎవరైనా కనిపిస్తే మాత్రం పలకరించకుండా రాకండి. సాయంత్రానికి ఆవిడ ఒక దేశాన్ని గెలిపించుకుని రావచ్చు.