హజరత్తయ్య మూడు వేళ్లు

రంగూనులో చీనా వైద్యుడి కొట్లో పదేళ్లు మూలికలు నూరి విడవలూరు తిరిగొచ్చిన హజరత్తయ్యకు, ఎవరైనా జబ్బు పేరు చెబితే ఒళ్లు మండేది. "పేరు నాకెందుకు? నాలుక చూపించు" అనేవాడు. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నిద్ర, ఆకలి, దిగులు అన్నీ అడిగేవాడు.

పందొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలంలో తలనొప్పితో వచ్చిన పిచ్చమ్మకు కషాయమిచ్చాడు. ఇంట్లో తోడికోడలికీ తలనొప్పే. కూర పంచుకున్నట్టే పిచ్చమ్మ మందూ పంచింది. తోడికోడలు కడుపు కదిలి మంచమెక్కింది.

"నొప్పి ఒకటైతే మనుషులు ఒకటవుతారా? నీది ఎండదెబ్బ, ఆమెది ఏడుపు దిగమింగిన నొప్పి!" అని, తోడికోడలి నాడి చూసొచ్చిన హజరత్తయ్య, మందు కోసం వెంట వచ్చిన పిచ్చమ్మ మీద వీధి అదిరేలా అరిచాడు. పిచ్చమ్మ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు. ఒంట్లో బాగాలేదన్నాడు. భార్య ఆదిశేషమ్మ చెయ్యి తుడుచుకుని, ఆయన మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టింది.

"జబ్బేం లేదయ్యా. పిచ్చమ్మ మీద అరిచినావే, ఆ అరుపు నీకే అరగలేదు. పోయి ఆ బిడ్డను పలకరించి రా, అన్నం తిందువు."

హజరత్తయ్య కండువా వేసుకుని లేచాడు. ఎదురు మాట్లాడకుండా ఆయన పుచ్చుకున్న మందు అదొక్కటే.