మేళంలో గలగల

ప్రార్థన గీతం చివర్లో మేళమంతా ఊపిరి బిగబట్టి సన్నగా ఊదే చోట మళ్ళీ గలగలమంది. మేళం నడిపించే డెస్మండ్ లమ్ సాధన ఆపి చేతికర్ర దించేశాడు.

"ఎవరి బాకాలోనో మర వదులైంది. విట్ పండగ శుక్రవారం ఊళ్ళ మేళాల పోటీలో ఇలాగే మోగితే పరువు పోతుంది. వెతకండి."

బ్రాక్‌రాయిడ్ మేళంలో డెస్మండ్ మాటకు ఎదురు లేదు. అందరూ బాకాలను ఒళ్ళో తలకిందులు చేసి మీటలు విప్పారు. వెనక వరసలో, అన్నిటికన్నా పెద్ద బాకా మోసే గ్లెండా హేగ్ కూడా విప్పింది. ఆ చప్పుడు ఎక్కడిదో ఆమెకు తెలుసు. అది ఆమె కోటు జేబులోని రేకు డబ్బాది. పక్కనున్న నెవిల్ జేబులోనూ అలాంటి డబ్బానే ఉంది.

డబ్బాల్లో ఉండేవి గుండెల్లో మంటకు నమిలే సుద్దముక్కల్లాంటి బిళ్లలు. సాధనకు ముందు మాంసం కూరిన వేడివేడి రొట్టె, మధ్యలో బీరు, ఆపైన పొట్ట బిగించి ఊదడం. పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నితే, ఊదే వంతు రానప్పుడు ఒక బిళ్ల నోట్లో వేసుకుంటారు. దాన్ని జబ్బని ఆ లోయలో ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకున్నవాడి మేళం కుర్చీ మీద మరొకడి కన్ను పడుతుంది.

గ్లెండా కుర్చీ ఆమె నాన్నది. "దీనికోసం డాక్టర్ని ఇబ్బంది పెట్టడమెందుకు" అంటూ ఆయన జీవితమంతా బిళ్లలు నమిలాడు. రొట్టెముక్క కూడా గొంతు దిగని రోజున ఆసుపత్రికి పోతే, ఆహారనాళంలో క్యాన్సర్, ఆలస్యమైందన్నారు.

గ్లెండా లోయలో బస్సు నడుపుతుంది. దుకాణాల ముందు కొత్తగా ఒక తెల్లబండి ఆగింది. ఏళ్ల తరబడి గుండెల్లో మంటకు మాత్రలు మింగుతున్నవాళ్ళు పరిశోధనలో చేరండని దాని మీద రాసి ఉంది. పక్కన పచ్చి ఆకుకూరలు తింటూ నవ్వుతున్న భార్యాభర్తల బొమ్మ. ఆ బొమ్మ ఎంచినవాడు ఈ లోయలో ఒక్క పూట భోంచేసి ఉండడు. ఊరి జనం ఆ బండిని చూసి, పక్కింటివాళ్ళు ఆరేసిన లోదుస్తుల్ని చూసినట్టు, మొహం తిప్పుకునేవారు.

ఒకరోజు గ్లెండా మాత్రం బండెక్కి అదేం పరిశోధనో నర్సును అడిగింది.

"దారం కట్టిన మాత్ర అమ్మా," అంది నర్సు. "మింగితే కడుపులో పైపొర కరిగి లోపలి స్పాంజి విచ్చుకుంటుంది. దారం లాగితే ఆహారనాళం గోడల కణాలు దానికి అంటుకొస్తాయి. అందరికీ చెయ్యం. ఎవరికి పరీక్ష, ఎవరికి మామూలు వైద్యం అన్నది చీటీ తీసినట్టే. రెండువైపులా మనుషులుంటేనే ఏది మేలో తేలేది."

"ఏదైనా కనబడితే బాకా ఊదొద్దంటారా?"

నర్సు అబద్ధం చెప్పలేదు. "కొన్నాళ్ళు అనొచ్చు."

గ్లెండా ఆలోచించుకుంటానని దిగిపోయింది. ఆ ఆలోచనే ఇప్పుడు, విప్పిన మీటలు చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు, ఆమెను లేపి నిలబెట్టింది. జేబులోని డబ్బా తీసి ఆడించింది.

"ఇదీ నీ వదులు మర, డెస్మండ్."

"కూర్చో తల్లీ, పరువు తియ్యకు," అన్నాడు నెవిల్ పళ్ళ సందు నుంచి.

"నీ డబ్బా కూడా తియ్యవయ్యా. నాదానికన్నా అదే గట్టిగా మోగుతోంది."

ముందు వరసలో నవ్వులు లేచాయి. వెంటనే కొన్ని చేతులు జేబుల మీదికి పోయాయి.

"గురువారం ఆ తెల్లబండి దగ్గర పేరిస్తున్నా. వచ్చేవాళ్ళు రండి."

"నీకేమైనా తేలితే పెద్ద బాకా ఎవరు ఊదుతారు?" అన్నాడు డెస్మండ్.

"ఎవరూ ఊదరు. మా నాన్న పోయిన ఏడాదీ ఎవరూ ఊదలేదుగా."



గురువారం ఆమె ఒక్కతే బండెక్కింది. పేరిచ్చి దిగేసరికి నెవిల్ స్తంభం దగ్గర బస్సు వేళల పట్టిక చదువుతున్నాడు.

"బస్సు కోసం చూస్తున్నా," అన్నాడు.

"తోలేదాన్ని నేనిక్కడుంటే బస్సెలా వస్తుంది?"

అతని వెనక మేళంవాళ్ళు మరికొందరు నిలబడ్డారు. అందరికన్నా చివర, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, డెస్మండ్. అతని జేబు కూడా గలగలమంది.

"కర్ర ఊపేవాడికి మంట ఉండదనుకున్నావా?" అన్నాడు.

గ్లెండా పేరు పరీక్ష వైపు పడింది. దారం లాగినప్పుడు కళ్ళ వెంట నీళ్ళు కారాయి, అంతే. కణాలు మారుతున్నాయని, ఇంకా క్యాన్సర్ కాలేదని, ఇప్పుడే చూశారు కాబట్టి ఆ కణాలను మాడ్చేయవచ్చని తర్వాత డాక్టర్లు చెప్పారు. వేసవి దాటేదాకా ఊదకూడదన్నారు. ఆమె పెద్ద బాకాను తుడిచి పెట్టెలో పెట్టింది. 

విట్ శుక్రవారం పక్క ఊరివాళ్ళు ఒక మనిషిని అరువిస్తామన్నారు. డెస్మండ్ ఒప్పుకోలేదు. బ్రాక్‌రాయిడ్ మేళం వెనక వరసలో ఒక మనిషి పట్టే ఖాళీతోనే కొండ వీధిలో నడిచింది. గ్లెండా ఖాళీ చేతులతో దాని పక్కన నడిచింది.

వీధి పొడుగునా మేళాలు తమ వంతు కోసం బారులు తీరాయి. తనవాళ్ళు ఊదడం మొదలుపెట్టారు. పెద్ద బాకా పలకాల్సిన అడుగు స్వరం పలచగా వినిపించింది. ఎక్కడ పలచబడిందో ఆమెకన్నా ఎవరికీ తెలియదు. కాసేపు తలవంచుకుని విని, వెనక ఆగిన మేళం వైపు తిరిగింది.

"బాబూ, అందరూ ఒక్క గెంతు గెంతండి."

"ఎందుకమ్మా?"

"ముందు గెంతండి, చెప్తా."

నవ్వుతూ గెంతారు. వాళ్ళ కోటు జేబుల్లోనూ రేకు డబ్బాలు గలగలమన్నాయి.