రెండు ముళ్ల చీమ

కళాశాల మ్యూజియంలో చీమల గది అంటే ఆయనదే. చదివింది ఊరి బడిలోనే. అయినా వెంట్రుకంత కాలు విరగకుండా చీమను ముక్కోణపు అట్టముక్క మీద జిగురుతో నిలబెట్టడంలో ఆయనకు సాటి లేరని పెద్ద ప్రొఫెసరుగారే అన్నారు. అన్నారని ఆయన పదిమందికీ చెప్పాడు. పతకాలొచ్చాయి, పత్రికలో ఫోటో పడింది, చీమల మామయ్య అన్న పేరు స్థిరపడింది.

కొత్తగా చేరినవాళ్లకు తొలి పాఠం ఆయనదే. వేటచీమ ఏ వంశానిదో తేల్చాలంటే ముందు నడుము చూడాలి. ఛాతీకీ పొట్టకీ మధ్య ఒక ముడి ఉంటే ఒక వంశం, రెండుంటే వేరొకటి. తర్వాత కొండి, ఆ తర్వాత దవడ. దవడ దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచి, "ప్రాణం పోయినా పట్టు వదలదు, అచ్చం మా ఆవిడే" అనేవాడు.

పతకాలన్నీ ఒక ఎత్తు, ఆయన బీరువాలో దాచిన చీమ ఒక్కటీ ఒక ఎత్తు. దవడా కొండీ ఒంటిముడి వంశానివి, నడుముకు మాత్రం రెండు ముళ్లు. లోకం ఎరగని జాతి అది, దానికి తన పేరే పెడతారు అనుకుంటూ ఇన్నేళ్లూ ఎవరినీ తాకనివ్వలేదు. ఒకటే ముడేమో అని ఎవరైనా అంటే మండిపడేవాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్లు, ఈయన పట్టిన చీమకు రెండే ముళ్లు అని భార్య ఎత్తిపొడిచేది.

ఉద్యోగ విరమణ దగ్గరపడింది. పేరు పెట్టే పండితులకు పంపేముందు బొమ్మ గీయమని, అక్కడే పనిచేసే మేనకోడలికి ఆ చీమను ఇచ్చాడు. ఆమె మైక్రోస్కోపు మీద వంచిన తల చాలాసేపు ఎత్తలేదు.

"మామయ్యా, రెండోది ముడి కాదు."

"మరేంటి?"

"తల. ఇంకో చిన్న చీమది. దీని నడుము కరిచింది. ఒళ్లు తెగిపోయినా వదల్లేదు. దవడలు మీ జిగురు కింద పడి కనబడలేదు."

ఆయనా చూశాడు. జిగురు ఆమే కరిగించింది. తల ఊడి వచ్చింది. మిగిలింది గడప దాటితే కాలికింద పడే రకం. ఆ రకంతో సొరుగులు ఎప్పుడో నిండిపోయాయి. ఒక మూల కాస్త జరిపి ఆమె దాన్నీ గుచ్చింది. ఎవరితోనూ అననులే మామయ్యా అంది.

ఇంటికొచ్చి, దీపమైనా వెయ్యకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏమన్నారు మీ రెండు ముళ్ల మహారాణిని?" అంది భార్య.

"నడుము విరిగింది."

ఆయన నడుమే అనుకుందామె. మందు తెచ్చి, ఇక్కడా, ఇక్కడా అని అడుగుతూ రాయసాగింది. ఆయన అన్నిచోట్లా ఊ అన్నాడు.