రాహుకాలం దాటాక వచ్చిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా నాన్న గోడ మీది క్యాలెండర్‌ను నమ్మి, కళ్ళెదుట ఉన్న సముద్రాన్ని నమ్మలేదు. ఆయన స్థానంలో మీరుంటే దేన్ని నమ్మేవారు? తొందరపడి జవాబు చెప్పకండి. మా నాన్న తెలివితక్కువవాడు కాదు.

ఆయన బహ్రెయిన్‌లో ఒక కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చి పెట్టుకున్న అరబ్బు యజమాని ఇంట్లో, డ్రైవరు. మేం హూరా అనే పేటలో ఒక గదిలో ఉండేవాళ్ళం. ఆ ఏడు పండుగ సెలవుల్లో కఫీల్ మనసు కరిగి, తన ఫోర్‌వీల్ బండినీ, దాని వెనక తగిలించే కారవాన్‌నూ రెండు రోజులు వాడుకోమన్నాడు. మంచాలూ పొయ్యీ ఉన్న ఆ చిన్న చక్రాల ఇల్లు చూసి నేను గంతులేశాను. బండికి గీత పడినా ఉద్యోగం పోతుందని మా అమ్మ భయపడింది.

మాతో పక్క గది మామ కూడా వచ్చాడు. ఆయనది ఉత్తర తెలంగాణ, పని రోడ్లు వేసే కంపెనీలో. దక్షిణాన మనిషి జాడలేని తీరంలో, ఒక ఇసుక దిబ్బ మీద రాత్రి గడిపాం. దిబ్బకీ రోడ్డుకీ మధ్య చదునైన ఉప్పు నేల. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు అది గట్టిగా ఉంటుంది, బండి పోతుంది; పోటు వస్తే మునిగిపోతుంది.

మర్నాడు శుక్రవారం. పది దాటుతుండగా మామ ఆ నేలను కాలితో నొక్కి చూసి వచ్చాడు.

"అన్నా, నీళ్ళు మర్లొస్తున్నయి. ఇప్పుడే దాటాలె. యల్లా!"

"పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం తమ్ముడూ. దారిలో ఉండగా పట్టుకుంటుంది. బండి మనది కూడా కాదు. గంటన్నర ఆగలేమా?"

"నువ్వాగుతవు. సముద్రం ఆగుతదా?"

నాన్న రాహుకాలం చూసుకునే ఆ గోడ క్యాలెండర్ మా ఊరి నుంచి తెచ్చుకున్నది. మా ఊళ్ళో గడియారం ఇక్కడికంటే రెండున్నర గంటలు ముందుంటుందని నాకు తెలుసు, అమ్మమ్మకు ఫోన్ చేసే వేళ చూసేది నేనే. ఊరి లెక్కయితే ఆ రాహుకాలం ఇక్కడ తొమ్మిదిన్నరకే అయిపోయి ఉంటుంది. అందుకే అడిగాను: "నాన్నా, ఆ పదిన్నర మన ఊరిదా, ఇక్కడిదా?"

"పెద్దవాళ్ళ మాటల్లో నీకేం పని? నోర్ముయ్!" అన్నాడు నాన్న. అందరం పన్నెండు దాకా కూర్చున్నాం.

పన్నెండుకు బయలుదేరాం. సగం దూరంలో చక్రాలు దిగబడ్డాయి. మామ టైర్లలో గాలి తీశాడు, కారవాన్‌ను విప్పేశాడు, చేతులతో బురద తోడాడు. తోడిన చోటల్లా నీళ్ళు ఊరాయి. అప్పట్లో చేతి ఫోన్లు లేవు. చుట్టూ పిలిస్తే పలికేవాళ్ళూ లేరు.

"రాహుకాలం దాటాకే కదిలాం కదా! ఎవరి దిష్టి తగిలిందో," అంది అమ్మ.

"దిష్టి గాదు వదినా, ఉప్పునీళ్ళు," అన్నాడు మామ.

నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే మామ నన్ను ఎత్తుకుపోయి దిబ్బ అంచున దించాడు. రాత్రి తాను పడుకున్న డేరా మేకులు మూడు, కిందనుంచి పైకి అడుగుకొకటి పాతాడు. "ఏడిస్తే నీళ్ళాగయి బిడ్డా. ఏ మేకు మునిగిందో చూసి చెప్పు. గదే నీ డ్యూటీ." మొదటిది మునిగింది. అరిచి చెప్పాను. రెండోదీ మునిగింది. మూడోదాన్ని నీళ్ళు సగం దాకా తడిపి, అక్కడే నిలిచి, మెల్లగా జారిపోయాయి. "తగ్గుతున్నాయ్!" అని కేక పెట్టాను. ఎప్పుడో నాకు ఏడుపు ఆగిపోయింది.

కానీ అప్పటికే బండి సీట్ల దాకా నీళ్ళు నిండాయి. మా నాన్న నడుం లోతులో, బానెట్ మీద చెయ్యి వేసి, జబ్బు చేసిన పశువు పక్కన నిలబడ్డట్టు నిలబడిపోయాడు. సాయంత్రం చేపలవాళ్ళెవరో తాళ్ళు కట్టి లాగారు. ఇంజను మళ్ళీ పలకలేదు. కఫీల్ తిట్టలేదు, కొట్టలేదు. "ఖలాస్" అన్నాడు, అంతే. నెల తిరక్కుండా మా ముగ్గురినీ ఊరికి పంపించేశాడు.

విమానంలో నాన్న నా వైపు చూడకుండా అన్నాడు: "ఆ పదిన్నర ఎక్కడిదని అడిగావు కదమ్మా. నాకు తెలియలేదు. తెలియక కోప్పడ్డాను."

పెద్దయ్యాక ఇలాంటి నమ్మకాల గురించి ఎన్నో సభల్లో వాదించాను, ఎందరో పెద్దల కోపం చూశాను. ఆ కోపం వెనక నాకు మా నాన్న గొంతే వినిపిస్తుంది, అందుకే వాళ్ళను ద్వేషించలేను. కానీ ఊరుకోనూ లేను. చేయగలిగింది ఏమీ లేనప్పుడు కూడా కళ్ళు తెరుచుకుని చూడవచ్చునని ఆ మామ నాకు నేర్పాడు. కానీ పదిన్నర గురించి అడిగితే వినే పెద్దవాళ్ళే ఆ రోజు కరువయ్యారు.

మీరు వినండి. ఇవాళ మీ ఇంట్లో పిల్ల ఏదైనా అడిగితే చేతిలో పని పక్కన పెట్టండి. జవాబు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియదని ఆ పిల్ల మొహం చూసి చెప్పండి, ఇద్దరూ కలిసి వెతకండి. రేపు కాదు, ఇవాళే.